అరటిపండు పగబట్టిన వేసవి

నలభై నాలుగేళ్ళ వయసులో, డెబ్బై రెండేళ్ళ ఒక పెద్దావిడని చంపడానికి నేను ఒక వేసవంతా సాధన చేశాను. కంగారు పడకండి. చంపాలనుకున్నది ఆవిడని కాదు, అష్టాచెమ్మాలో ఆవిడ కాయని. కాకపోతే ఆ రోజుల్లో ఎవరైనా నన్ను ఆపి ఆ రెండింటికీ తేడా ఏమిటని అడిగితే, కొంచెం ఆలోచించుకుని చెప్పాల్సి వచ్చేది.

అది 2010. మేం అమెరికాలో క్యారీ అనే ఊరికి వచ్చి అప్పటికి తొమ్మిదేళ్ళు. మా కాలనీ క్లబ్‌హౌస్‌లో శనివారం మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా పిల్లలకి తెలుగు క్లాసు జరిగేది. ఒక గదిలో పిల్లలు అక్షరాలకి తలకట్లు పెడుతుంటే, పక్క గదిలో పెద్దవాళ్ళు తలలు పట్టుకుని కూర్చునేవాళ్ళు. ఎవరి గ్రీన్‌కార్డు ఎక్కడ ఆగింది, ఆ వరసలో ఎవరి ప్రయారిటీ డేట్ ఎన్ని నెలలు వెనక్కి పోయింది, ఇవే మాటలు. కదలని డేట్ల గురించి వినీ వినీ విసుగొచ్చి, ఒక శనివారం డాక్టరాంటీ కదిలే కాయలు పట్టుకొచ్చింది. గళ్ళు కుట్టిన గుడ్డ ఒకటి, నాలుగు రంగుల చొక్కా గుండీలు, మందుల దుకాణం వాళ్ళిచ్చే నారింజరంగు సీసాలో నాలుగు గవ్వలు. ఇదంతా మేం ఆ కాలనీకి మారడానికి ముందు సంగతి. మేం వచ్చేసరికి ఆ ఆటకి మూడో ఏడు నడుస్తోంది.

డాక్టరాంటీ 1970ల్లో అమెరికా వచ్చిన మనిషి. ఆసుపత్రిలో మత్తు డాక్టరుగా చేసి రిటైరయింది. ఆ చుట్టుపక్కల తెలుగు ఆడవాళ్ళలో సగం మందికి కాన్పు సమయంలో నడుముకి సూది వేసింది ఆవిడే. క్లాసులో ఆవిడ పిల్లలూ లేరు, మనవలూ లేరు. కేవలం ఆట కోసం వచ్చేది. ఆవిడ సీసా గలగలలాడించిందంటే చాలు, వీసాలూ ఇళ్ళూ వదిలేసి అందరూ కార్పెట్ మీద చేరేవాళ్ళు. అందరూ అంటే ముగ్గురు. భీమవరం నుంచి వచ్చిన వదిన ఒకావిడ, కరీంనగర్ తమ్ముడు ఒకాయన, మేం వచ్చాక నాకంటే ముందే చేరిపోయిన మా ఆయన.

నేను మందుల కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేసేదాన్ని. ఇంకొకళ్ళు రాసిన కాగితాల్లో తప్పులు వెతికి, పక్కన పొట్టిసంతకం పెట్టి తేదీ వేయడం నా వృత్తి. వృత్తి మెల్లిగా ప్రవృత్తి అయిపోయింది. ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద కూడా తప్పొప్పుల పట్టికలు అంటించేదాన్ని. కనుక ఆ ఆట మొదటిసారి చూసినప్పుడు నాకు కనబడింది ఆట కాదు, అవకతవకలు. ఎన్ని గవ్వలు వెల్లకిలా పడితే అన్ని గళ్ళు; నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, ఎనిమిది; ఈ రెండిట్లో ఏది పడినా మళ్ళీ వెయ్యొచ్చు. ఇందులో తగాదా లేదు. కానీ కాయ ఇంట్లోంచి బయటికి రావాలంటే చెమ్మానో అష్టానో పడి తీరాలా, అక్కర్లేదా అన్నదగ్గర కరీంనగర్‌దీ భీమవరందీ రెండు వేరువేరు రాజ్యాంగాలు. ప్రతి శనివారం ఇరవై నిమిషాలు దానికే పోయేది.

తరవాతి వారం నేను నియమావళి టైపు చేసుకుని వెళ్ళాను. రెండు పేజీలు. అడుగున పేజీ నంబరు, పైన వర్షన్ నంబరు.

డాక్టరాంటీ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. "ఏంటమ్మా ఇది?"

"రూల్స్ ఆంటీ. ఒక్కొక్కళ్ళ ఊళ్ళో ఒక్కోలా ఆడుతున్నారు కదా, స్టాండర్డైజ్ చేస్తే బాగుంటుందనీ..."

"'ప్రత్యర్థి కాయను తొలగించుట.' తొలగించడమేంటి? లేఆఫా?"

కరీంనగర్ తమ్ముడు పకపకా నవ్వాడు. "చంపుడు అనాలె అక్కా. తొలగించుడేంది?"

"నువ్వూ ఆడతావా?" అంది ఆంటీ.

"ఆడతానండీ," అన్నాను.

"నాలుగిళ్ళే ఉన్నాయి. నలుగురం ఉన్నాం." ఒక క్షణం నావైపు, నా కాగితాలవైపు చూసి చిరునవ్వు నవ్వింది. సూది వేసే ముందు కూడా అలాగే నవ్వేదని భీమవరం వదిన తరవాత చెప్పింది. "సర్లే పాపం, ఆటలో అరటిపండుగా పెట్టుకుందాం."

ఈ మాట తెలియని తెలుగువాళ్ళుండరు. పెద్దపిల్లలు ఆడుకుంటుంటే చిన్నపిల్ల ఒకతి వచ్చి నేనూ ఆడతానని ఏడుస్తుంది. కాదంటే గోల చేస్తుంది, చేర్చుకుంటే ఆట పాడుచేస్తుంది. అందుకని చేర్చుకుని లెక్కలో వేసుకోరు. పట్టుకున్నా ఔట్ కాదు, గెలిచినా గెలుపు కాదు. అదీ అరటిపండు. నా చిన్నతనంలో నేను ఎంతోమంది చిన్నపిల్లల్ని అరటిపండ్లుగా పెట్టాను. వాళ్ళ మనసులో ఏముండేదో తెలుసుకోవడానికి నాకు ముప్ఫై అయిదేళ్ళు పట్టింది.

నాకు ఇల్లు లేదు కనుక నా కాయలు మా ఆయన ఇంట్లోంచే బయల్దేరాలన్నారు. మావారు "మొత్తానికి ఇల్లు నా పేరు మీదే ఉందన్నమాట" అని జోకు వేశారు. అందరూ నవ్వారు. అయిదో రంగు గుండీలు లేవు. నాకు పిల్లల డబ్బాలోంచి, పాలల్లో వేసుకు తినే గుండ్రటి సీరియల్ గింజలు నాలుగిచ్చారు. నా కాయలు ఎవరి కాయల మీద పడ్డా అవి చచ్చేవి కావు. ఎవరి కాయలు నామీద పడ్డా నేను చచ్చేదాన్ని కాదు. పక్కపక్కనే సర్దుకుని కూర్చునేవాళ్ళం, బస్సులో లాగా. ఈ ఆటకి ప్రాణం లాంటి నియమం ఒకటుంది. ఒక్క కాయనైనా చంపితే తప్ప లోపలి గళ్ళలోకి అడుగు పెట్టనివ్వరు. నాకు అది కూడా మినహాయించారు. "అరటిపండు కదా, పోనీ పాపం." చంపకుండానే లోపలికి పోవచ్చు. ఆ దయ ఉంది చూశారూ, అది ఎక్కడ గుచ్చుకోవాలో అక్కడ గుచ్చుకుంది.

మూడో వారం నాలుగు గింజలూ అందరికంటే ముందు నడిమి గడిలోకి చేరాయి. "పండాయి!" అని అరిచాను. అష్టాచెమ్మాలో కాయ నడిమి గడికి చేరితే పండటమే కదా.

ఎవరూ తలెత్తలేదు. ఆంటీ గవ్వలు చేతిలో ఆడిస్తూ, "అరటిపండు పండితే ఏముందమ్మా, అది ముందే పండు," అంది.

మాట బాగుంది. మాటలతో ఆడుకోవడం నాకూ ఇష్టమే కనుక అది ఇంకా మండింది. ఆ మాట నేను అనాల్సింది.

అయిదోవారం ఇంకో అవమానం జరిగింది. నా కాయని శత్రువులెవరూ చంపలేదు గానీ, భీమవరం వదిన మూడేళ్ళ కూతురు వచ్చి తీసుకుని నోట్లో వేసుకుంది. "అయ్యయ్యో, ఆంటీ కాయ తినేసేవేంటే!" అని వాళ్ళమ్మ అరిచేసరికి, ఆ పాప భయపడి వెళ్ళి టేబుల్ మీది స్నాక్స్‌లోంచి అరటిపండు తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఆంటీ, యువర్ పండు." ఆ రోజునుంచీ అదొక ఆచారమైపోయింది. ప్రతి శనివారం రెండున్నరకి నాకు ఒక అరటిపండు వచ్చేది. వద్దంటే పాప పెదవి వణికేది. తినేదాన్ని. మిగతా పిల్లలు చూసి నా పేరు అదే అనుకున్నారు. పార్కింగ్ లాట్‌లో ఎదురుపడి, "హాయ్, బనానా ఆంటీ!" అని ఎంతో మర్యాదగా పలకరించేవాళ్ళు.

ఇదంతా భరించాను. పైకి నవ్వాను. లోపల మాత్రం ఆంటీ తెచ్చే పులిహోరలో ఇంగువ తక్కువైందని వరసగా మూడు వారాలు మనసులో అనుకున్నాను. నాకు తెలిసిన పగ అంతే.

అసలు పగ జూన్ ఆఖర్లో పుట్టింది. క్లాసులో ఆ వారం జాతీయాల పాఠం. పిల్లలు ఒక్కో జాతీయంతో సొంతవాక్యం రాసి తల్లిదండ్రుల ముందు చదవాలి. మా అమ్మాయికి అప్పటికి పదకొండేళ్ళు. లేచి నిలబడి, ర అక్షరాన్ని అమెరికా మడత పెట్టి, స్పష్టంగా చదివింది.

"మా అమ్మ ఆటలో అరటిపండు. అందుకే మా అమ్మకి పొటాషియం ఎక్కువ."

టీచరు చప్పట్లు కొట్టింది. జాతీయాన్ని ఇంత సహజంగా వాడినవాళ్ళు క్లాసులో ఇంకెవరూ లేరట. డాక్టరాంటీ అయితే కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "మెడికల్లీ కూడా కరెక్టే!"

కారెక్కాక మా అమ్మాయి అడిగింది. "అమ్మా, అరటిపండు అంటే గుడ్ థింగే కదా? అందరూ నీకు పండు ఇస్తారు కదా?"

"అవునమ్మా."

"దెన్ వై ఆర్ యూ డ్రైవింగ్ లైక్ దిస్?"

ఇంటికి వెళ్ళేలోపు నిర్ణయం అయిపోయింది. ఈ ఆటలో లెక్కలోకి రావాలి. వచ్చాక మొట్టమొదట చంపేది ఆవిడ కాయనే. వేరే ఎవరిదీ వద్దు. నా కూతురు నన్ను ఇంకో వాక్యంలో వాడుకునేలా చేయాలి.

సాధనకి గవ్వలు కావాలి. చిన్నప్పుడు చింతపిక్కలు ఒకవైపు అరగదీసి ఆడేవాళ్ళం. ఇండియన్ స్టోరులో కొన్న చింతపండు మీద గింజలు తీసిందని రాసి ఉంటుంది, లోపల ఎప్పుడూ నాలుగైదు గింజలు ఉండనే ఉంటాయి. తొమ్మిదేళ్ళుగా వాళ్ళని తిట్టుకుంటున్నాను. ఆ ఒక్క ప్యాకెట్‌లో మాత్రం ఒక్క గింజ కూడా లేదు. చరిత్రలో మొదటిసారి కంపెనీ మాట నిలబెట్టుకుంది, నామీద కక్షతో. చివరికి పిస్తా తొక్కులు దొరికాయి. ఒకవైపు డొప్ప, ఒకవైపు బోర్లా. గవ్వకేమీ తీసిపోవు.

వంటింటి నేల మీద సుద్దతో గళ్ళు గీసి, రోజూ ఆఫీసునుంచి రాగానే పొయ్యి మీద కుక్కరు పెట్టి వేయడం మొదలుపెట్టాను. కుక్కరు మూడు కూతలు కూసేలోపు ఎన్ని చెమ్మాలు పడతాయని నాతో నేనే పందెం. మొదట్లో ప్రతి పందెమూ కంప్యూటర్లో ఎక్కించాను. ఏది ఎన్నిసార్లు పడుతోందో గ్రాఫు కూడా గీశాను. మా ఆయన వెనకనుంచి చూసి, "కింద పొట్టిసంతకం పెట్టలేదేం?" అన్నారు. ఆయనతో ఆడమంటే ఆడరు. "శనివారం ఆడుతున్నాను కదే, మళ్ళీ ఇంట్లో కూడానా?" అనేవారు. అధికారిక ఆటగాడి పొగరు.

అందుకని మా అమ్మాయికి నేర్పాను. అక్కడ నా గ్రాఫు పాడైంది. ఆ పిల్ల లెక్క తప్పుగా పెట్టేది, అడ్డంగా నడిచేది, నేను గిన్నె దించడానికి లేస్తే నా కాయ జరిపేది. "తొండి!" అన్నాను ఒకరోజు. ఆ మాట నా నోటినుంచి ఎన్నేళ్ళకి వచ్చిందో. తొండి అంటే ఏమిటని అడిగింది. ఆటలో మోసం అని చెప్పాను.

"సో, చీటింగ్?"

"కాదు. చీటింగ్ చేస్తే తప్పు. తొండి చేస్తే దెబ్బలాట."

అర్థం చేసుకుంది. మర్నాడు నేను మూడు పడితే నాలుగు గళ్ళు నడిచాను. పరీక్షిద్దామనే చేశాను. క్వాలిటీ మనిషిని కదా. ఆ పిల్ల లేచి నిలబడి, "అమ్మా! యూ ఆర్ తొండింగ్!" అని ఇల్లెగిరిపోయేలా అరిచింది. కాదని నేను, అవునని తను, సుద్దముక్కలు విసురుకున్నాం. అన్నం మాడింది. ఆ రాత్రి గ్రాఫులో ఏమీ ఎక్కించలేదు, ఆ తరవాత కూడా ఎక్కించలేదు.

పగ మాత్రం తగ్గలేదు. పగకి ఇప్పుడు కాళ్ళొచ్చాయి, అంతే. ఆఫీసు వరండాలో కార్పెట్ గళ్ళు గళ్ళుగా ఉండేది. ఎవరూ చూడకుండా ఒకటి, రెండు, మూడు అని దూకి, మూడో గడి మీద మడమతో నొక్కేదాన్ని. అది ఆంటీ కాయ. ఒకసారి మా మేనేజరు ఎదురొస్తే స్ట్రెచింగ్ చేస్తున్నానని చెప్పాను. ఆరోగ్యానికి మంచిదని ఆయనా మెచ్చుకున్నాడు.

అరటిపండుగా కూర్చోవడంలో ఒక సుఖముంది. నీ ఆట ఎవరూ చూడరు కనుక, అందరి ఆటా నువ్వు చూడొచ్చు. జులైలో ఒక శనివారం కరీంనగర్ తమ్ముడికి రెండు పడింది. రెండు గళ్ళ అవతల ఆంటీ కాయ నిక్షేపంగా నిలబడి ఉంది. చంపొచ్చు. అతను దాన్ని వదిలేసి, ఎందుకూ పనికిరాని ఇంకో కాయని జరిపాడు.

"అదేంటి తమ్ముడూ, ఇక్కడ చంపొచ్చు కదా!"

"అవునా? అయ్యో, చూస్కోలే అక్కా," అన్నాడు, నావైపు చూడకుండా.

అయిదు నిమిషాల తరవాత భీమవరం వదిన కూడా చూసుకోలేదు. ఆ తరవాత మా ఆయన కూడా. నా ఉద్యోగమే తప్పులు పట్టడం. ఒకే తప్పు ముగ్గురు చేస్తే అది తప్పు కాదు, పద్ధతి.

కారులో అడిగాను. మావారు కాసేపు రేడియో సర్దారు. ఆనక, "పెద్దావిడ. మనం చంపితే ఏం బాగుంటుందే?" అన్నారు.

"ఎన్నాళ్ళనుంచి?"

"నేను చేరినప్పటినుంచీ అంతే. భీమవరం ఆవిడ రెండు కాన్పులకీ ఆంటీయే ఉందిట. ఆవిడ అస్సలు చంపదు. తమ్ముడికి కొత్తలో కారు లేనప్పుడు ఆంటీ నెలరోజులు ఆఫీసులో దింపిందిట. అతనూ చంపడు. మరి నేనొక్కణ్ణీ ఎలా చంపుతాను? ఆవిడకి చెప్పకు."

నేను నవ్వడం మొదలుపెట్టి సిగ్నల్ పచ్చబడినా ఆపలేకపోయాను. అసలు అరటిపండు ఆవిడ! మూడేళ్ళుగా సింహాసనం మీద కూర్చున్న అరటిపండు. ఆ సంగతి ఆవిడకి తెలియదు, నాకు తెలుసు. పగబట్టిన మనిషికి ఇంతకంటే మంచి ఆయుధం ఎవరిస్తారు? ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం ఎలా చెప్పాలో ఆ వారమంతా గిన్నెలు కడుగుతూ సాన పెట్టాను. "ఆంటీ, మీరు కూడా ముందే పండు." బాగుంది. చిన్నగా ఉంది, చురుగ్గా ఉంది, ఆవిడ మాటే ఆవిడకి. అద్దంలో చూసుకుని కూడా ఒకసారి అన్నాను.

అనకపోవడానికి కారణం మంచితనం అని చెప్పుకోవాలని ఉంది. కాదు. చెప్పేస్తే ఆవిడ ఆట మానేస్తుంది. మానేస్తే నేను ఎవర్ని చంపాలి?

ఆగస్టులో మా ఆయన్ని ఆఫీసువాళ్ళు వారంరోజులు రెడ్‌మండ్ పంపించారు. ఆ శనివారం కార్పెట్ మీద ఒక ఇల్లు ఖాళీ. ఆంటీ గుడ్డ పరుస్తూ, "పోనీ, మీ ఆయనకి బదులు నువ్వు కూర్చో," అంది. బదులు! అన్నం పెట్టినట్టు ఎంత మంచిమాట అందించింది. బదులు కూర్చున్నాను, బదులు తీర్చుకోవడానికి.

"అరటిపండుగా కాదు కదా ఆంటీ?"

"కాదులే అమ్మా, నిజంగానే." అని నారింజరంగు సీసా నా చేతికిచ్చింది.

దాని మూత రాలేదు. పిల్లలు తెరవకుండా చేసిన మూత అది, నొక్కి తిప్పాలి. నొక్కాను, తిప్పాను, అరచెయ్యి ఎర్రబడింది. కరీంనగర్ తమ్ముడు మెల్లిగా తీసుకుని తెరిచి ఇచ్చాడు. పగ తీర్చుకోవడానికి వచ్చిన మనిషికి ఇది శోభనిచ్చే ప్రారంభం కాదు.

నిజం గవ్వలు పిస్తా తొక్కుల్లాంటివి కావు. బరువు వేరు, దొర్లే తీరు వేరు. వేసవంతా చేసిన సాధన పది నిమిషాల్లో కొట్టుకుపోయింది. నా కాయలు బయటి గళ్ళలో గానుగెద్దుల్లా తిరుగుతున్నాయి. చంపందే లోపలికి పోలేను. మినహాయింపు ఎవరూ ఇవ్వలేదు, నేనూ అడగలేదు. ఈలోగా ఆంటీ కాయలు మూడు పండిపోయాయి. ఆఖరి ఆకుపచ్చ గుండీ ఒక్కటే బయట ఉంది. ఇంకొక్క గడి నడిస్తే ఇంటూ గుర్తున్న గడి, అక్కడికి చేరితే ఎవరూ ఏమీ చేయలేరు. నా కాయ దానికి సరిగ్గా మూడు గళ్ళ వెనకుంది.

గవ్వలు వేశాను. మూడు పడింది.

గదిలో అందరూ లెక్కపెట్టారు. తమాషా ఏమిటంటే, భీమవరం వదిన పసుపు గుండీ ఒకటి కూడా నా ఇంకో కాయకి సరిగ్గా మూడు గళ్ళ దూరంలోనే ఉంది. ఎవర్ని చంపినా లోపలికి పోవచ్చు. వదిన నావైపు వంగి, పెదవులు కదలకుండా, "నన్ను చంపండి వదినా," అంది.

నేను గవ్వలు ఏరి పక్కన పెట్టాను.

"వదినా, ఆయ్, నన్ను చంపండి. నేనేమీ అనుకోను."

తమ్ముడు దగ్గాడు. "అక్కా, ఆ పసుపుది మస్తుగ అందుతున్నది చూడు."

ఆంటీ తన గుండీ వైపే చూడటం లేదు. వాటర్ బాటిల్ మూత తీసుకుంటోంది. తనని ఎవరూ చంపరన్నది ఆవిడకి ఎంత అలవాటైపోయిందంటే, ఆ వైపు భయపడటం కూడా మానేసింది. అది చూశాక నాకు ఒక్క క్షణం చెయ్యి ఆగింది. తరవాత పొటాషియం గుర్తొచ్చింది.

ఒకటి. రెండు. మూడు. ఆకుపచ్చ గుండీ మీద నా గుండీని టక్కున కొట్టి, "చచ్చింది!" అన్నాను. అక్కర్లేనంత గట్టిగా అన్నాను.

ఆంటీ బాటిల్ కింద పెట్టింది. తన గుండీ తీసుకుని, అదేదో కొత్త వస్తువైనట్టు అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇంతకుముందు నా కాయ ఎప్పుడు చచ్చింది?" అంది.

వదిన గుడ్డ అంచున దారం లాగుతోంది. తమ్ముడు పైన తిరుగుతున్న ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నాడు. నా నాలుక చివర సానపెట్టిన వాక్యం సిద్ధంగా ఉంది. అనవసరమైపోయింది. మత్తు డాక్టరుకి ఎవరు తెలివిలో ఉన్నారో ఎవరు నటిస్తున్నారో ముఖం చూస్తే తెలియదా?

"మూడేళ్ళా?" అంది వదినతో.

"అంటే ఆంటీ, పెద్దవారు కదా అనీ..."

"నువ్వు?"

"నేను గూడ అంతే ఆంటీ. ఏమనుకోకుండ్రి."

డెబ్బై రెండేళ్ళ ఆ మనిషి చిటికెనవేలు పైకెత్తి మొదట వదిన ముఖం ముందు, తరవాత తమ్ముడి ముఖం ముందు ఆడించింది. "కచ్చి. ఇద్దరితోనూ కచ్చి. మాట్లాడను." నావైపు తిరిగింది. "ఆ రెడ్‌మండ్ వెళ్ళినాయనకి ఫోన్ చేసి చెప్పు, ఆయనతో కూడా."

తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందేమోనని కూడా ఒక మూల అనుకున్నాను, ఆ మూల కొంచెం సంతోషించాను కూడా. కానీ ఆవిడ ముఖం చాటంత అయింది. మోకాళ్ళు సర్దుకుని, చీర చెంగు దోపుకుని, ఆటకి దగ్గరగా జరిగింది. "ఏమే, చూస్తావేం? చంపినదానికి ఇంకో పందెం ఉంది నీకు. వెయ్యి."

అప్పటిదాకా నేను "అమ్మా"ని. ఆ కాయతో పాటే ఆ అమ్మ కూడా చచ్చిపోయి "ఏమే" పుట్టింది. పగ తీర్చుకున్నవాళ్ళ ఎదుట ఎదుటివాళ్ళు ఇలా వెలిగిపోతే ఇంక అది ఏం పగ? నాకు ఒళ్ళుమండింది. వేశాను. ఒకటి పడింది.

ఆవిడ వంతు వచ్చింది. చచ్చిన కాయ ఇంట్లో ఉంది. బయటి చుట్టు మొత్తం మళ్ళీ తిరగాలి, కనుక నేను నిశ్చింతగా ఉన్నాను. ఆవిడ గవ్వలు రెండు చేతుల్లో మూసి ఊది వేసింది. అష్టా. ఎనిమిది గళ్ళు నడిచింది. మళ్ళీ వేసింది. చెమ్మా. ఇంకో నాలుగు. ఇప్పుడు ఆకుపచ్చ గుండీకి మూడు గళ్ళ ముందు నా కాయ ఒకటి దిక్కులు చూస్తూ నిలబడి ఉంది.

"ఏం పడాలే?" అంది ఆవిడ.

"మూడు," అన్నాను.

గవ్వలు వేసింది. రెండు వెల్లకిలా, ఒకటి బోర్లా. నాలుగోది దొర్లుకుంటూ పోయి వాటర్ బాటిల్‌కి ఆనుకుని, పక్కకి ఒరిగి నిలబడింది. అటూ కాదు, ఇటూ కాదు.

"మూడు!" అంది ఆంటీ.

"రెండు!" అన్నాను నేను.

"నోరు కనబడుతోంది చూడు!"

"వాలి ఉందండీ, వాలింది లెక్కకి రాదు! రూల్స్‌లో రాశాను, రెండో పేజీలో!"

"నీ రూల్స్ మీ ఆఫీసులో పెట్టుకో. మూడు!" అని ఒకటి, రెండు, మూడు నడిచి, నా గుండీని ఎత్తి నా ఒళ్ళో పడేసింది. "చచ్చింది."

ఆ వేసవి మొత్తంలో నా కాయ చావడం అదే మొదటిసారి. దానర్థం ఏమిటో నాకు తెలుసు. అరటిపండు చావదు. కానీ అప్పుడు అదంతా తలుచుకునే స్థితిలో లేను. మోకాళ్ళ మీద లేచి, నలభై నాలుగేళ్ళ గొంతంతా పెట్టి, "తొండి! తొండి! తొండి!" అని అరుస్తున్నాను. ఆవిడ అంతకంటే గట్టిగా, "ఓడిపోయినవాళ్ళే తొండంటారు!" అని అరుస్తోంది. పక్క గది తలుపు తెరుచుకుంది. టీచరూ, వెనకే పిల్లలూ. అందరికంటే ముందు మా అమ్మాయి.

"అమ్మా," అంది, నెమ్మదిగా, పెద్దదానిలా. "హూ ఈజ్ తొండింగ్?"

ఇద్దరం ఒకరినొకరు చూపించుకున్నాం.

ఆ గోలలో వదిన పాప ఎప్పుడొచ్చిందో, అలవాటు ప్రకారం అరటిపండు పట్టుకుని నిలబడి, ఎవరికివ్వాలో తోచక చూస్తోంది. ఆంటీ అందుకుని, ఒలిచి, సగం విరిచి నాకిచ్చింది. నేను తీసుకున్నాను గానీ థాంక్స్ చెప్పలేదు. చెప్తే మూడని ఒప్పుకున్నట్టవుతుంది.

ఆట ఆవిడే గెలిచింది. ఆ తరవాత చాలా శనివారాలు ఆడాం. మా ఆయన వచ్చాక ఆయన్నే అరటిపండుగా పెట్టాం, ఆంటీ తీర్పు అది. నేను ఆవిడని చంపిన లెక్కా, ఆవిడ నన్ను చంపిన లెక్కా ఎక్కడా ఎక్కించలేదు. కానీ ఆ ఒక్క గవ్వ సంగతి మాత్రం వదల్లేదు. ఆవిడ వదిలినా నేను వదలను. ఎన్నేళ్ళయినా, ఎవరడిగినా, కచ్చితో కాదు, కచ్చితంగానే చెప్తున్నాను. అది రెండే.